ర్యాలీ రోజు స్టీరింగ్ పట్టే ముందు

చిన్నా,

ఎల్లుండి పెద్ద ర్యాలీ ఉందనీ, నీకు డ్యూటీ పడింది సరిగ్గా సిటీ నడిబొడ్డు నుంచి పోయే ఎయిర్‌పోర్టు షటిల్ మీదేననీ మీ నాన్న చెప్పాడు. నీకు రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదని కూడా అన్నాడు. ఫోన్‌లో చెబితే నేను సగం మరిచిపోతాను, నువ్వు సగం వినవు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకో. ఆ రోజు నీ పని టైముకు చేర్చడం కాదు. బస్సు లోపల ఉన్నవాళ్లకీ, బస్సు చుట్టూ చేతికందే దూరంలో నడిచేవాళ్లకీ ఏమీ కాకుండా బండిని తిరిగి డిపోలో పెట్టడం. షెడ్యూలు వేసినవాళ్లు మామూలు రోజును చూసి వేశారు. మామూలుగా లేని రోజున ఆ కాగితం వెంట పరిగెత్తితే ప్రమాదం మనకే.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను, మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నడపడం మొదలుపెట్టిన నాలుగో ఏడు. ముందు ఊరేగింపు పోతోంది, వెనక ట్రాఫిక్. నలభై నిమిషాలుగా ఒకే చోట ఉన్నాం. లోపల ఒకాయన ఫ్లైట్ పోతుందని నా సీటు వెనకే నిలబడి గొణుగుతున్నాడు. ఇంతలో జనం పలచబడ్డారు, ముందు ఖాళీ కనిపించింది. హ్యాండ్ బ్రేక్ దించి, బ్రేకు మీద కాలు కాస్త వదిలాను. బండి ఒక అడుగు కదిలిందో లేదో, ఎడమ పక్క రేకు మీద అరచేత్తో ధబధబా బాదాడు ఒకడు. నాకు ఒళ్లు మండింది. బండి మీద దాడి చేస్తున్నాడనుకున్నాను. ఏమిటో అడుగుదామని తొక్కి పట్టి ఆపాను. చూస్తే అతను నన్ను కాదు, నా ముందు బంపరు కిందికి చెయ్యి చూపిస్తున్నాడు. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు, కింద పడ్డ ప్లకార్డు ఏరుకుంటూ వంగి ఉన్నాడు. అద్దంలోంచి నాకు వాడి తలవెంట్రుక కూడా కనిపించలేదు. వాడు లేచి, ప్లకార్డు దులుపుకుని వాళ్ల అమ్మ దగ్గరకు వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ తర్వాత పావుగంట కాళ్లు వణికాయి.

అందుకని, రేకు మీద దెబ్బ వినపడితే ముందు ఆగు. కోపం తర్వాత సంగతి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది ఎవరికోసమో నీకు చేస్తున్న హెచ్చరికే.

గుంపులో కదలాల్సి వస్తే మనిషి నడకను మించకు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. నడిచే మనిషి వేగం గంటకు 5 కిలోమీటర్లు, అంటే సెకనుకు మీటరున్నర కూడా ఉండదు. ఆ వేగంలోనే నువ్వు చూసి ఆగగలవు. ఆగి ఉన్నాక మళ్లీ కదిలే ముందు మాత్రం సీట్లోంచి కాస్త లేచి, మెడ చాచి, బంపరు ముందున్న నేలను చూడు. ముందు కూర్చున్న ప్యాసింజర్‌ని అడిగినా తప్పు లేదు, "అటు పక్క ఎవరైనా ఉన్నారా చూడండి" అని. పెద్దమనిషి తరహాగా అడిగితే సంతోషంగా చూస్తారు.

మలుపు దగ్గర తోకను మరిచిపోకు. 12 మీటర్ల బస్సులో వెనక చక్రాల అవతల 3 మీటర్ల పైనే బాడీ ఉంటుంది. నువ్వు స్టీరింగ్ ఎడమకు కోస్తే ఆ తోక కుడికి విసురుగా జరుగుతుంది. ఖాళీ రోడ్డులో దాన్ని ఎవరూ పట్టించుకోరు. జనం బండికి ఆనుకుని నిలబడ్డప్పుడు అదే వాళ్లను కొడుతుంది. లోపలి వైపు వెనక చక్రం మూలను కోసుకుంటూ వస్తుంది, ఫుట్‌పాత్ అంచున నిలబడ్డవాళ్ల కాళ్లు అక్కడే ఉంటాయి. జనం మధ్యలో రివర్స్ మాత్రం అసలు వద్దు. పోలీసులు వెనక్కి తియ్యమన్నా సరే, వెనక ఒక మనిషి నిలబడి సైగ చేస్తేనే తియ్యి.

రివర్స్ అవసరమే రాకుండా చూసుకునే కిటుకు ఒకటి ఉంది. ఆగేటప్పుడు ముందు బండి వెనక టైర్లు రోడ్డును తాకే చోటు నీ సీట్లోంచి కనిపించాలి. అంత ఖాళీ ఉంచితే వెనక్కి తియ్యకుండానే పక్కకు తిప్పుకుని బయటపడొచ్చు, అంబులెన్సు వస్తే జరగొచ్చు. వెనకవాళ్లు హారన్ కొట్టి ముందుకు జరగమంటారు. జరగకు. ఆ నాలుగు మీటర్లు జరిగినంత మాత్రాన ఎవరూ ఎయిర్‌పోర్టు చేరరు.

డ్యూటీకి అరగంట ముందే వెళ్లు. కంట్రోల్ రూమ్‌లో ఏ రోడ్లు మూస్తారు, ఎప్పటి నుంచి, డైవర్షన్ ఎటు అని అడిగి కాగితం మీద రాసుకో. పొద్దున షిఫ్టు దిగొచ్చిన డ్రైవర్‌ని కూడా అడుగు, కంట్రోల్ రూమ్‌కి తెలియనివి అతనికి తెలుస్తాయి. దారి మార్చాలంటే కంట్రోల్‌తో చెప్పే మార్చు. ఫోన్‌లో మ్యాప్ చూపించే సందులు కార్ల కోసం. అక్కడ తక్కువ ఎత్తు బ్రిడ్జి ఉందో, బస్సు తిరగని మలుపు ఉందో దానికి పట్టదు. ఇరుక్కుంటే అటూ ఇటూ రెండు రోడ్లు నీ వల్లే ఆగిపోతాయి.

డీజిల్ నిండుగా ఉండాలి. ఆగి ఉన్నా ఇంజిన్ గంటకు రెండు మూడు లీటర్లు తాగుతుంది. ఎక్కువసేపు ఆగితే న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వెయ్యి. నీ కాలికీ విశ్రాంతి, గేర్‌బాక్సుకూ విశ్రాంతి. క్లచ్ బండి ఇస్తే హాఫ్ క్లచ్ మీద పాకించకు, గంటలో వాసన వస్తుంది. టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్ను ఉంచు, కదలని బండికి ఎదురుగాలి ఉండదు కదా. బస్సు బ్రేకులు గాలి ఒత్తిడితోనే పనిచేస్తాయి కాబట్టి, దాన్ని చూపించే ఎయిర్ మీటరు మీద ఇంకో కన్ను. ఆగుతూ కదులుతూ పదే పదే బ్రేకు తొక్కితే గాలి తగ్గిపోతుంది, ఐడిల్‌లో కంప్రెసర్ నెమ్మదిగానే నింపుతుంది. బజర్ మోగాక కూడా పట్టించుకోకపోతే, గాలి లేనప్పుడు చక్రాలను బిగించే స్ప్రింగ్ బ్రేకు దానంతట అదే పట్టేసి బండి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది.

ఇక ప్యాసింజర్లు. వాళ్లకు కోపం ఆలస్యం మీద కన్నా ఏమీ తెలియకపోవడం మీద ఎక్కువ. అయిదు నిమిషాలు ఆగగానే మైకు తీసుకుని చెప్పు: "ముందు ర్యాలీ పోతోందండి. ఎప్పుడు కదులుతామో నాకూ తెలియదు. పది నిమిషాలకోసారి తెలిసింది చెబుతాను." కొత్త సంగతి లేకపోయినా పదో నిమిషాన మళ్లీ చెప్పు. "ఇంకో అయిదు నిమిషాల్లో పోతాం" అని మాత్రం అనకు. అది ఒకసారి తప్పితే ఆ తర్వాత నువ్వు ఏం చెప్పినా నమ్మరు. ఫ్లైటు ఉన్నవాళ్లను ఎయిర్‌లైన్‌కి అప్పుడే ఫోన్ చేసుకోమను, చివరి నిమిషంలో కాదు.

దిగి నడిచిపోతామనేవాళ్లు తప్పకుండా ఉంటారు. అది కోరదగ్గదే. కానీ రోడ్డు మధ్యలో తలుపు తెరవకు. కంట్రోల్‌కి చెప్పి, బండిని ఫుట్‌పాత్ పక్కకు తెచ్చి, ఎడమైనా కుడైనా తలుపు ఉన్న వైపు అద్దం చూసుకుని తెరువు. ట్రాఫిక్ ఆగినప్పుడు బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య టూవీలర్లు దూరుతుంటాయి. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టు, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి, కంట్రోల్‌కి చెప్పు.

ర్యాలీవాళ్లతో వాదన వద్దు. వాళ్ల డిమాండ్ నీకు నచ్చినా నచ్చకపోయినా స్టీరింగ్ దగ్గర నీకు పార్టీ లేదు. చెయ్యి ఊపి మద్దతు చూపకు, మొహం చిట్లించకు, ఫోన్‌తో వీడియో తియ్యకు. ఎవరైనా కిటికీ దగ్గరకొస్తే అద్దం కాస్త దించి మామూలుగా మాట్లాడు. "లోపల పెద్దవాళ్లున్నారు, అన్నా, సందు దొరికితే వెళ్తాను" అంటే చాలాసార్లు వాళ్లే జనాన్ని జరుపుతారు. రేపు ఆ ప్లకార్డులు ఇంట్లో పెట్టి మన బస్సెక్కేది వాళ్లే. హారన్ మాత్రం అస్సలు వాడకు, అది వాళ్ల చెవికి తిట్టులా వినపడుతుంది.

పరిస్థితి చెడితే తలుపులు మూసి, హజార్డ్ లైట్లు వేసి, అద్దాల పక్కవాళ్లను నడవలోకి రమ్మను. కంట్రోల్‌కి ఎక్కడున్నావో, ఎటు మొహం పెట్టి ఉన్నావో, లోపల ఎంతమందో చెప్పు. పొగ, మంట కనిపిస్తే మాత్రం బండి సంగతి వదిలెయ్, మంట లేని వైపు నుంచి అందరినీ దించెయ్. టియర్ గ్యాస్ వదిలితే కిటికీలు మూసి, ఏసీ బయటి గాలి తీసుకోకుండా లోపలి గాలే తిరిగేలా మార్చు. నీ కళ్లు మండితే నడపకు, ఆపు. కళ్లు నలపకూడదు, నీళ్లతో కడుక్కోవాలి. అది సన్నటి పొడి, సీట్లకూ బట్టలకూ అంటుకుంటుంది. డిపోకి వచ్చాక పొడిగుడ్డతో దులిపితే మళ్లీ లేస్తుంది, తడిగుడ్డతోనే తుడవమని చెప్పు.

నీ ఒంటి సంగతి. బాత్‌రూమ్‌కి వెళ్లే చోటు దొరకదని నీళ్లు తాగడం మానేస్తారు మన డ్రైవర్లు. నేనూ మానేశాను, కిడ్నీలో రాయితో దానికి లెక్క కట్టాను. గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండు, ప్రతి చివరి స్టాపులో అవసరం ఉన్నా లేకపోయినా వెళ్లిరా. ఆగి ఉన్నప్పుడు మడమలు పైకీ కిందికీ ఆడించు. మధ్యలో విశ్రాంతి దొరికితే దాన్ని ట్రిప్పు పూడ్చుకోవడానికి ఇచ్చెయ్యకు. యూరప్‌లో దూరప్రయాణ బస్సులకు 4.5 గంటలు నడిపాక 45 నిమిషాల విరామం ఉండాలని చట్టమే పెట్టారు. నువ్వు నడిపేది ఇంకా కష్టమైన నాలుగు గంటలు.

ఆలస్యమైన బస్సు ఇంకా ఆలస్యమవుతుంది, అది నీ తప్పు కాదు. నీకన్నా ముందు పోయిన బస్సుకీ నీకూ మధ్య ఖాళీ పెరిగేకొద్దీ స్టాపులో జనం పోగవుతారు, ఎక్కించుకోవడానికి మరింత టైము పడుతుంది, అంతలో వెనక బస్సు నీకు అంటుకుంటుంది. దాన్ని సరిచెయ్యాల్సింది కంట్రోల్‌వాళ్లు, నీ యాక్సిలరేటర్ కాదు. రోడ్డు తెరుచుకున్నాక ఖాళీ రోడ్డు మీద వేగం పెంచాలని చెయ్యి దురద పెడుతుంది. ఆ పది నిమిషాలే నాకు భయం. ర్యాలీ నుంచి ఇంటికెళ్లేవాళ్లు ఇంకా రోడ్డు మీదే, జెండాలు భుజాన వేసుకుని, ఎటూ చూడకుండా దాటుతుంటారు.

దిగాక లాగ్ షీట్‌లో ఎక్కడ ఎంతసేపు ఆగావో టైములతో రాయి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, సొట్టలూ గీతలూ ఉంటే అప్పుడే ఫొటో తీసి రిపోర్టు ఇవ్వు. ఇంకో ట్రిప్పు వెయ్యమంటే ఒళ్లు సహకరిస్తేనే ఒప్పుకో. ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న