మాస్టారూ, ఏ రాయి కొనమంటారు?

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. మాది బొబ్బిలి పక్క ఊరు. నాన్న వడ్రంగి, పనస చెక్క మీద నగిషీ పని కూడా చేస్తారు. మొన్న సంక్రాంతికి అటక దులుపుతుంటే తాత గెడ్డం కత్తి దొరికింది, మడత కత్తి, సోలింగెన్ (కత్తులకి పేరుపడ్డ జర్మనీ ఊరు) అని ముద్ర ఉంది, తుప్పు పెద్దగా లేదు. దాంతో గీసుకోవాలని నాకు సరదా. ఇంట్లో హార్డ్‌వేర్ షాపులో కొన్న కార్బోరండం రాయి, నీళ్లు పోసి నూరే 1000 నంబర్ నీళ్ల రాయి ఒకటి ఉన్నాయి. ఉలులకీ కత్తికీ రెండింటికీ పనికొచ్చేలా ఒకే ఒక్క ఫినిషింగ్ రాయి, అంటే ఆఖరి పదును పెట్టే సన్న రాయి, కొందామని చూస్తే ఒకరు బెల్జియం పసుపు రాయి అంటారు, ఒకరు ఆర్కన్సా అంటారు, ఇంకొకరు చైనా 12 వేల నంబర్ రాయి అంటారు. బుర్ర తిరిగిపోతోంది. ఏది కొనమంటారు?

జవాబు: బాబూ, ముందు నీ 1000 రాయి సంగతి తేల్చుకుందాం, కొనడం తర్వాత. ఎందుకంటే నేను ఇక్కడే తప్పటడుగు వేసి నెల రోజులు మొహం మంట పెట్టుకున్నాను. కొన్నేళ్ల కిందట బెల్జియం పసుపు రాయి ముక్క ఒకటి తెప్పించా, అరచేతిలో సగం ఉంటుంది, అయినా వేలల్లో పడింది, మా ఇంట్లో ఆ బిల్లు ఇప్పటికీ గుర్తు చేస్తుంటారు. దాని మీద ఎంత నూరినా కత్తి వెంట్రుకని పట్టుకుని లాగుతోందే గానీ కొయ్యట్లేదు, నకిలీ రాయి అంటగట్టాడని అమ్మినవాణ్ణి తిట్టని తిట్టు లేదు. చివరికి విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర వాచీలు బాగుచేసే ఆయన పక్కన స్టూలేసుకు కూర్చుని, ఆయన కంటికి పెట్టుకునే అద్దం అడిగి తీసుకుని అంచు చూస్తే అప్పుడు బయటపడింది అసలు గుట్టు. 1000 రాయి గీతలు అంచు దాకా రానేలేదు, చివర్న సన్నగా ఒక మెరిసే గీత అలాగే మిగిలిపోయింది, అంటే మొద్దు అంచుకి నేను నెల రోజులు పాలిష్ పట్టానన్నమాట. ఇందులో రాయి తప్పేటి?

అంచేత నువ్వు మొదట చేయాల్సింది ఏటంటే, నల్ల మార్కర్ తీసుకుని కత్తి అంచు పొడుగునా రెండు పక్కలా రంగు పుయ్యి, వీపూ (అంచుకి ఎదురు వైపు ఉండే మందం పక్క) అంచూ రెండూ రాయికి ఆనించి 1000 మీద నాలుగైదు సార్లు లాగు. రంగు ఎక్కడ మిగిలితే అక్కడ రాయి తగలట్లేదని లెక్క. మడమ నుంచి మొన దాకా రంగు మొత్తం పోయి, ముంజేతి మీద వెంట్రుకల్ని ఏదో అయిష్టంగానైనా కొయ్యాలి, అప్పటిదాకా పై రాయి జోలికి పోవద్దు. గెడ్డం కత్తితో ఒక సుఖం ఉంది, కోణం గురించి బెంగ అక్కర్లేదు, వీపు మందమే కోణాన్ని కాస్తుంది, రెండు పక్కలూ కలిపి సుమారు 16, 17 డిగ్రీలు వస్తుంది. ఉలికి అలా కాదు, 25 నుంచి 30 డిగ్రీలు మన చేతే పట్టుకోవాలి.

ఇంక నంబర్లు. నంబర్ పెరిగేకొద్దీ రాయి సన్నం (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు). జపాన్ కంపెనీ షాప్టన్ తన రాళ్లకి చెప్పే లెక్క ప్రకారం 1000 లో రవ్వ సైజు 14.7 మైక్రాన్లు, 8000 లో 1.84, 16000 లో 0.92. కంపెనీ మారితే లెక్కా కొంచెం మారుద్ది. నేల లోంచి తవ్విన రాయికి అసలు నంబరే ఉండదు, చైనాలో గ్వాంగ్షీ నుంచి వచ్చే బూడిదరంగు రాయికి 12 వేలు అన్నది అమ్మేవాళ్లు తగిలించిన పేరు. చెడ్డ రాయేం కాదు, చవక కూడా, కానీ మహా నెమ్మది, వంద సార్లు లాగినా ఏదైనా జరిగిందా లేదా అని డౌటొస్తుంది. ఆర్కన్సా అంటే అమెరికాలో హాట్ స్ప్రింగ్స్ చుట్టుపక్కల దొరికే నొవాక్యులైట్, ఒట్టి క్వార్ట్జ్, నూనెతో వాడతారు, ఎంత గట్టిదంటే నీ తరంలో అరగదు. ఒకవేళ వంకరగా వస్తే దాన్ని చదును చేయడానికీ నీ తరం చాలదు. లారీ కమాను పట్టీతో చేయించుకున్న ఉలికైతే అది బానే పనిచేస్తుంది, హై స్పీడ్ స్టీల్ ముందు మాత్రం చేతులెత్తేస్తుంది.

బెల్జియం రాయి మీద నాకు మమకారం ఉందని ఒప్పుకుంటాను. ఆర్డెన్స్ కొండల్లో వీల్సామ్ దగ్గర తీస్తారు, పొర పల్చగా ఉంటుంది కాబట్టి పలక రాయికి అతికించి అమ్ముతారు. లోపల ఉన్నవి గార్నెట్ రవ్వలు, గుండ్రానికి దగ్గరగా ఉంటాయి, అందుకే లోతుగా గియ్యకుండా గోకినట్టు కోస్తాయి. చిన్న ముక్క రాయితో రుద్దితే పాల లాంటి లేపనం వస్తుంది, అచ్చం మా నాయనమ్మ సాన మీద గంధం తీసినప్పుడు వచ్చినట్టే. ఆ లేపనంతో మొదలుపెట్టి చుక్కా చుక్కా నీళ్లు కలుపుతూ పల్చన చేసుకుంటూ పోయి ఆఖర్న ఒట్టి నీళ్ల మీద ఓ పాతిక ముప్పై సార్లు చేతి బరువు కూడా వెయ్యకుండా లాగితే కత్తి మొహం మీద మెత్తగా పోతుంది. కానీ ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు, కొత్తగా మొదలెట్టేవాడు తప్పు చేతిదో రాయిదో తేల్చుకోలేక చస్తాడు. అందుకే నీకు ఇది వద్దంటాను, ఇప్పుడే వద్దు.

నువ్వు కొనాల్సింది ఫ్యాక్టరీలో చేసిన 8000 నంబర్ నీళ్ల రాయి. వీలైతే మధ్యలో ఒక 3000 లేదా 4000 కూడా, 1000 నుంచి ఒక్కసారే 8000 కి ఎక్కితే చెయ్యి పడిపోద్ది. ఉలులకి 8000 దండిగా చాలు, 16000 మీద అద్దంలా మెరిపించినా కొయ్య సుత్తితో పనస చెక్క మీద రెండు దెబ్బలు పడేసరికి ఆ మెరుపు పోతుంది. పరీక్షకి గోరు మీద పెట్టి చూడక్కర్లేదు, చెక్క అడ్డకోత మీద సన్నగా ఒక పొర తియ్యి, పీచు నలిగి తెల్లగా పొడి పొడిగా వస్తే పదును లేనట్టు, తేనె రంగులో మెరిస్తే ఉన్నట్టు, ఇది మీ నాన్నకి నాకంటే బాగా తెలుసు. కత్తికి 8000 తర్వాత క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ పేస్టు, అర మైక్రాన్ ది, గుడ్డ పట్టీకి పల్చగా రాసి పదిసార్లు, ఆ తర్వాత ఏమీ రాయని తోలు పట్టీ మీద యాభై అరవై సార్లు. రాయి మీద అంచు ముందు పోతుంది, తోలు మీద వీపు ముందు పోవాలి, తిరగేస్తే తోలు తెగుద్ది, తిప్పేటప్పుడు ఎప్పుడూ వీపు మీదే తిప్పు.

ఒక్క రాయి ఇద్దరికీ అన్నావు కాబట్టి ఇంకో మాట. సన్నులి రాయిలో కాలవలు చేస్తుంది, ఆ కాలవల మీద గెడ్డం కత్తి పెడితే అంచు సగం తగిలి సగం తగలదు. నాన్న వాడాక చదును చెయ్యకుండా నీ కత్తి పెట్టొద్దు. నగిషీ చేసే గుండ్రం ఉలుల్ని అసలు దాని మీదకే రానివ్వకు, వాటి ఆకారానికి చెక్క ముక్క చెక్కి తోలు అతికించి అదే పేస్టు రాసుకుంటే సరి. ఆ కార్బోరండం రాయి పెచ్చులూడిన అంచుకే. ఇంతకీ ఆ పేరులో మన మాట ఉంది తెలుసా, మన కురువిందం, తమిళుల కురుందమే ఇంగ్లీషులో కొరండం అయింది, 1891 లో అమెరికాలో ఏచిసన్ సిలికాన్ కార్బైడ్ చేసినప్పుడు అది కార్బనూ కొరండం కలిసిన సరుకనుకుని కార్బోరండం అని పెట్టేశాడు. అనుకున్నది తప్పు, పేరు మాత్రం ఉండిపోయింది.

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి రాస్తున్నానండి, రిటైరయ్యాక చెక్క పని నేర్చుకుంటున్నాను. నా 6000 రాయి నడుమ గుంట పడింది, ఎప్పుడూ నీళ్ల బకెట్లోనే ఉంచుతాను, ఈమధ్య పగుళ్లు కూడా కనబడుతున్నాయి. రాయి పాడైపోయినట్టేనా?

జవాబు: గుంటకి మందుందండి, పగుళ్లకే లేదు. ముతక రాళ్లు కొన్ని పది పదిహేను నిమిషాలు నానాలి గానీ, సన్న రాళ్లు చాలావాటికి పైన నీళ్లు చిలకరిస్తే చాలు, రోజుల తరబడి బకెట్లో ఉంటే లోపల పట్టు వదిలేస్తుంది. ఇప్పుడు తీసి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెట్టకండి, ఇంకా పగులుద్ది. గుంట సంగతికొస్తే మీకు టెక్కలి దగ్గరే కదండీ, గ్రానైట్ పాలిష్ చేసేవాళ్ల దగ్గర ఒక మిగులు ముక్క అడగండి, దానికంటే చదునైన బల్ల మనకి దొరకదు. దాని మీద 320 నంబర్ వాటర్ పేపర్ తడిపి పరిచి, రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి రుద్దండి, గీతలన్నీ పోయాయంటే చదునైనట్టే. అంచులు కొద్దిగా గుండ్రం చెయ్యండి, లేకపోతే పెచ్చులు లేస్తాయి.

ప్రశ్న: రాజాంలో సెలూన్ ఉంది సార్. సగం బ్లేడు పెట్టే కత్తే వాడుతున్నా. ఫినిషింగ్ రాయి కొంటే బ్లేడు ఎక్కువ రోజులు వస్తుందా?

జవాబు: వద్దు తమ్ముడూ. బ్లేడు మనిషికొకటి, గీసిన వెంటనే డబ్బాలో పడెయ్యాలి, రక్తంతో అంటుకునే జబ్బులు రాయి మీద నూరితే పోవు. కత్తెర కూడా ఈ రాళ్ల మీద పెట్టకు, దాని కోణం వేరు, లోపలి పక్క వంపుగా ఉంటుంది, ఒకసారి చదును చేశావంటే వెంట్రుకని మడతపెడుతుంది తప్ప కొయ్యదు.