అటక మీద దొరికిన పాత స్టూడియో నెగటివ్‌లు ఏం చేయాలి?

కందుకూరు ఇంట్లో మీ తాతగారి స్టూడియో నెగటివ్‌లు అటక మీద రేకు పెట్టెలో దొరికాయని, ముక్కు మండే వాసన వస్తోందని, స్కానింగ్‌కి చెన్నైకి కొరియర్ చేయొచ్చా అని అడిగారు. కొరియర్ సంగతి తర్వాత. ముందు ఆ పెట్టెను అటక దించి, గాలి ఆడే చోట మూత తీసి పెట్టండి.

నెల్లూరులో మా పెదనాన్న స్టూడియో సామాను సర్దినప్పుడు మాకూ ఇలాంటివే దొరికాయి. ఆ వాసనను బట్టి చూస్తే మీవి నైట్రేట్ ఫిల్ములు, అంటే సెల్యులోజ్ నైట్రేట్ అనే ఇట్టే అంటుకునే ప్లాస్టిక్‌తో చేసినవి కావచ్చు. 1889లో కోడాక్ స్థాపకుడు ఈస్ట్‌మన్ అమ్మకానికి తెచ్చిన రకం ఇది. మంటకు కావాల్సిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది, అందుకే అంటుకుంటే నీళ్లకీ ఇసుకకీ లొంగదు. 2003లో పుణెలో ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ల నైట్రేట్ రీళ్లు అలాగే బూడిదయ్యాయి. బాగా చెడిపోయిన ఫిల్ము 40 డిగ్రీలు దాటిన వేడిలో చాలా రోజులుంటే దానంతటదే అంటుకోవచ్చు. మన రోహిణి కార్తెలో అటక మీద అంతకంటే తక్కువేం ఉండదు. అలాగని టెన్షన్ పడకండి, విడి షీట్లకు సినిమా రీళ్లంత ప్రమాదం లేదు.

అంచున ‘సేఫ్టీ’ అని ఉంటే భయం లేదు, అది అంత తేలిగ్గా అంటుకోని రకం. కోడాక్ షీట్లకు మూలన గాట్లుంటాయి, చీకట్లో తడిమి రకం పోల్చుకోవడానికి. 1949కి ముందువాటిలో అంచు వైపు మొదటి గాటు ఇంగ్లిష్ ‘వి’లా ఉంటే నైట్రేట్, ‘యు’లా ఉంటే సేఫ్టీ. వెనిగర్ వాసనైతే ఎసిటేట్ అనే సేఫ్టీ రకం. ముక్క కాల్చి పరీక్షించడం లాంటివి ఇంట్లో వద్దు.

ప్లాస్టిక్ కవర్లు, బిగుతు డబ్బాలు అసలు వాడొద్దు. ఫిల్ము వదిలే వాయువు తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లమై, బయటికి పోయే దారి లేక మిగతావాటినీ తినేస్తుంది. మా పెట్టెలో పాత కవర్లు ముట్టుకుంటే అప్పడాల్లా విరిగాయి. ఒక్కోదానికి కొత్త కాగితం కవరు వేయండి, అదే పెట్టెలో ప్రింట్లుంటే వేరు చేయండి.

తడిగుడ్డతో తుడవకండి. పెళ్లికూతుళ్ల మొహాల మీద, కళ్ల కింద, సన్నటి పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. అది మురికి కాదు, రీటచింగ్, అంటే మొహం అందంగా పడేలా స్టూడియోవాళ్లు నెగటివ్ మీదే చేసిన దిద్దుబాటు. ఆ రోజుల్లో అందమంతా ఆ పెన్సిల్‌దే!

పసుపెక్కినవాటిని ముందు కాపీ చేయించండి, అవి ఎక్కువ కాలం ఆగవు. జిగురెక్కి అతుక్కున్నవాటిని లాగొద్దు, తగలబెట్టొద్దు, చెత్తబండిలో వేయొద్దు. మేము ఫైర్ స్టేషన్ వాళ్లని అడిగి వాళ్లు చెప్పినట్టు చేశాం.

ఇక కొరియర్. నైట్రేట్ ప్రమాదకర సరుకు కింద లెక్క, చెప్పకుండా పార్శిల్ చేయడం తప్పు. స్కానింగ్‌కి బదులు, నెగటివ్‌లను వెలుగు పలక (ఎల్‌ఈడీ లైట్‌ప్యాడ్) మీద పెట్టి మంచి కెమెరాతో ఫొటో తీసే కుర్రాడిని ఇంటికే పిలిపించుకోండి. మేమూ అదే చేశాం, ఫలితం బాగానే వచ్చింది.