జనం తగ్గితే నీళ్లు మిగులుతాయా?

భూమి ఇంతమందిని మోయగలదా, పర్యావరణం కోసం పిల్లల్ని కనకుండా ఉండటం సబబేనా అని అడిగారు. అనంతపురం జిల్లాలో మా ఊళ్లో చూసింది చెప్తాను.

మా అవ్వకు ఏడుగురు పిల్లలు. ఊరంతా అలాంటి సంసారాలే. అప్పట్లో సేద్యానికి కపిల బావులు. ఎద్దులు అలిసిపోతే తోడటం ఆగేది. మా తరానికి ఇంటికి ఇద్దరే, అందులోనూ సగం మంది బెంగళూరులోనే ఉన్నారు. ఆ లెక్కన నీళ్లు మిగలాలి కదా! బావులు ఎండిపోయాయి. ఇప్పుడు బోరు ఆరేడు వందల అడుగులు దించినా చాలాచోట్ల దుమ్మే లేస్తుంది.

2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. దాన్ని నేను తప్పుపట్టను, అప్పులతో నలిగిపోతున్న రైతుకు అది ఊపిరి పోసింది. కానీ మోటారుకు ఆటో స్టార్టర్ బిగించి పడుకుంటే, ఏ అర్ధరాత్రి కరెంటొచ్చినా నీళ్లు పారుతూనే ఉంటాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో వరి కూడా నాటారు. పక్కవాడు లోతుకు దించితే మన బోరు ఎండుతుంది, ఇక మనమూ దించాల్సిందే. బోరుకు అనుమతి కావాలని 2002లోనే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చింది. రిగ్గు లారీ మాత్రం రాత్రికి రాత్రే వచ్చి పని కానిచ్చుకుని పోయేది. దేశంలో తోడే భూగర్భజలంలో దాదాపు 87 శాతం సాగుకే పోతోంది. తాగే నోళ్లు ఎన్ని అన్నదానికంటే ఏ పంట పెట్టాం అన్నదే అక్కడ నీళ్ల సంగతి తేలుస్తుంది.

ఇక పిల్లల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో స్త్రీకి సగటున 1.7 మంది, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటేనే 2.1 కావాలి. ఇద్దరికి మించి కంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్ర అసెంబ్లీ 2024లో ఎత్తేసింది కూడా. పైగా ఎవరు ఎంత వాడతారన్న తేడా చిన్నది కాదు: ఏడాదికి మన తలసరి కార్బన్ డయాక్సైడ్ సుమారు 2 టన్నులైతే అమెరికావాళ్లది 14 దాకా ఉంటుంది.

సంఖ్యతో పనేలేదని అనను. హైదరాబాదు దాహానికి గండిపేట చాలక మంజీర, కృష్ణ, చివరికి గోదావరి దాకా పైపులు వేశారంటే జనం పెరగడం వల్లే. అయినా పిల్లలు కావాలనుకుంటే నీళ్ల పేరు చెప్పి మానుకోకండి. ఆ పట్టుదలేదో మీ ఊళ్లో కొత్త బోర్లకు అనుమతులు ఎవరిస్తున్నారో అడగడంలో చూపించండి.