పరంజా మీద నుంచి పనివాడు పడితే ఇంటి యజమాని బాధ్యత ఎంత?

ప్రశ్న: మాది కాకినాడ. డాబా మీద పై అంతస్తు వేయించుకుంటున్నాం. చదరపు అడుగుల లెక్కన మేస్త్రీకి లేబర్ కాంట్రాక్టు ఇచ్చాం. సామాన్లు మావే. 2025 ఆగస్టులో బయటి గోడకు ప్లాస్టరింగ్ చేస్తుంటే పరంజా తాడు తెగి, ముప్పై ఏళ్ల కుర్రాడు కింద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ ఖర్చు మేమే పెట్టుకున్నాం. 'యాభై వేలిచ్చి, ఇంకేమీ అడగనని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకోండి, గొడవ వదిలిపోతుంది' అంటున్నాడు మేస్త్రీ. మా ఇంటికి బీమా ఉంది. అది పనికొస్తుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆపరేషన్ చేయించి చాలా మంచి పని చేశారమ్మా. డబ్బు కడితే తప్పు ఒప్పుకున్నట్టేనని ఎవరో భయపెడితే ఆసుపత్రి ఛాయలకే వెళ్లనివాళ్లను చూశాను. వైద్యం చేయించినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఆ బిల్లులన్నీ భద్రంగా ఉంచండి.

స్టాంపు పేపరు ఆలోచన మాత్రం మానుకోండి. ప్రమాదం 2025 నవంబరు 21 కన్నా ముందు జరిగింది కాబట్టి మీ విషయానికి 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టమే వర్తిస్తుంది (ఆ తేదీ నుంచి జరిగిన వాటికి, దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్). పరిహారం హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన కాగితం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు, అంటే 2027 ఆగస్టు దాకా, అతను దరఖాస్తు పెట్టుకోవచ్చు. యాభై వేలు ఇచ్చినా కేసు రావచ్చు.

ఇక బాధ్యత. ఇల్లు ఎవరిదన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు, ఆ కుర్రాణ్ణి పనిలో పెట్టుకున్న యజమాని ఎవరన్నదే ప్రశ్న. కాంట్రాక్టరు పెట్టుకున్న మనిషికి, పని ఇచ్చిన వ్యక్తి కూడా పరిహారం కట్టాలని 12వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆ పని అతని వ్యాపారంలో భాగమై ఉండాలి. అమ్మకానికి ఫ్లాట్లు కట్టే బిల్డరయితే తప్పించుకోలేడు. ఉండటానికి ఇల్లు కట్టుకునేవారి మీదికి ఆ సెక్షన్ రాదు. అప్పుడు మేస్త్రీయే యజమాని.

అయితే లేబర్ కాంట్రాక్టు అని నోటితో అనుకుంటే సరిపోదు. శనివారం సాయంత్రం సిమెంటు బస్తాల పక్కన నిలబడి కూలి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది ఎవరు? మేస్త్రీ ఊళ్లో లేని వారం మీరే ఒక్కొక్కరికీ ఫోన్‌పే చేశారా? రేపు ఎవరు రావాలో, ఎవరు అక్కర్లేదో మీరే చెప్పారా? అలాగైతే యజమాని మీరేనని వాదించడం అవతలి వకీలుకు పెద్ద కష్టం కాదు. 'నాలుగు రోజుల కూలికి వచ్చినవాడు, పర్మినెంటు కాదు' అన్న జవాబు కూడా నిలవదు. అలాంటి వారిని పక్కనపెట్టే మాటను 2000లో చేసిన సవరణ చట్టంలోంచి తీసేసింది.

ఇంకొకటి, మీరు రాయనిది. ఆ తాడు ఎవరిది? మేస్త్రీ తెచ్చుకున్నదైతే ఒక మాట. మీ అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న పాత కొబ్బరి తాడు మీరే ఇచ్చి ఉంటే, మేస్త్రీ ఉన్నా సరే, మీ నిర్లక్ష్యం మీద సివిల్ దావాకు వీలుంటుంది. ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యం భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద నేరం కూడా. తెగిన ముక్కను పారేయకండి. ఫొటోలు తీసి దాచండి.

ఎంత అవుతుంది? లెక్కకు నెల కూలి గరిష్ఠంగా 15,000. అందులో 60 శాతం 9,000. ముప్పై ఏళ్ల వయసుకు చట్టంలోని గుణకం 207.98. గుణిస్తే 18,71,820. పూర్తిగా పనికి రాకుండా పోతే ఇచ్చే మొత్తం అది. సంపాదన శక్తి 30 శాతం పోయిందని డాక్టరు తేలిస్తే 5,61,546. వైద్య ఖర్చు దీనికి అదనం. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేని ఆలస్యమైతే పరిహారంలో సగం వరకు జరిమానా పడవచ్చు. యాభై వేలు ఎంత తక్కువో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మామూలు ఇంటి బీమా ఇందుకు పనికిరాదు. భారత్ గృహ రక్ష లాంటి పాలసీలు అగ్నిప్రమాదం, వరద, తుపాను వంటి వాటి వల్ల ఇంటికీ సామాన్లకూ జరిగే నష్టానికే. పని చేసే మనిషి కోసం విడిగా ఉద్యోగుల నష్టపరిహార పాలసీ ఉంటుంది. ఏజెంట్లు ఇప్పటికీ 'వర్క్‌మెన్ పాలసీ' అనే అంటారు. ఎంతమంది, ఏ పని, ఎంత కూలి అన్నది చెబితే ప్రీమియం లెక్కేస్తారు. ప్రమాదం జరిగిపోయాక తీసుకుంటే ఈ కుర్రాడికి ఉపయోగం ఉండదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఆ కుర్రాణ్ణీ మేస్త్రీనీ వెంటబెట్టుకుని కార్మిక శాఖ అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసుకు వెళ్లండి. రాజీ కుదిరితే నష్టపరిహార చట్టం 28వ సెక్షన్ కింద అక్కడే రిజిస్టర్ చేయించండి. మొత్తం మరీ తక్కువగా ఉంటే అధికారి ఒప్పుకోరు. అది మీకూ రక్షణే. అతనికి భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు ఉందా? బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందా? ఈ బీమా ఉంటే, శాశ్వత వైకల్యం తేలినప్పుడు దాని నిబంధనల ప్రకారం లక్ష నుంచి రెండు లక్షల దాకా రావచ్చు. చాలామందికి తమ ఖాతాలో అది ఉందన్న సంగతే తెలియదు. పాస్‌బుక్ తెమ్మనండి, మీరే చూడండి.

ఈలోగా గోడ పని మళ్లీ మొదలుపెట్టేటట్టయితే, పాలసీ కాగితం చేతికి వచ్చేదాకా ఎవర్నీ పరంజా ఎక్కనివ్వకండి.