పెరటి ప్రశ్నలు: బీరపాదు దగ్గరికి సాయంత్రం వెళ్లండి

ప్రశ్న (కావలి నుంచి): మిద్దె మీద తొట్టిలో పెట్టిన బీరపాదు పందిరంతా అల్లుకుంది. పూత బాగా వస్తోంది. పిందె వేలెడంత అయ్యేసరికి పసుపు తిరిగి రాలిపోతోంది. ఎరువు చాలడం లేదా?

జవాబు: ఇంకా ఎరువు వేస్తే ఆకు బలుస్తుందే తప్ప కాయ నిలవదండీ. మీ పాదుకు అందనిది పుప్పొడి. బీరలో మగపూలు గుత్తిగా వస్తాయి. ఆడపువ్వు ఒంటరిగా, వెనకాల చిన్న పిందెతో కనిపిస్తుంది. పూత కొత్తల్లో దాదాపు అన్నీ మగపూలే, అవి రాలితే కంగారు అక్కర్లేదు.

అసలు చిక్కు వేళలో ఉంది. గుమ్మడి, దోస, కాకర పొద్దున పూస్తాయి. బీరపువ్వు సాయంత్రం ఐదు దాటాక విచ్చుకుంటుంది. తేనెటీగలు అప్పటికి గూటికి మళ్లిపోతాయి. చాలామంది పొద్దున్నే కాఫీ గ్లాసుతో మిద్దెక్కి, వాడిపోయిన పువ్వుకి పుప్పొడి రుద్దుతుంటారు. ఆ పని దండగ.

ఆరు గంటల ప్రాంతంలో అప్పుడే విచ్చిన మగపువ్వును తెంపి రేకులు వెనక్కి విరిచేయండి. మధ్యలో పసుపు పొడి వేలికి అంటుతుంటే పువ్వు తాజాదే. దాన్ని ఆడపువ్వు నడుమ ఉన్న జిగురు బుడిపెకి నాలుగు వైపులా మెల్లగా తాకించండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. పట్టిన పిందె రెండు మూడు రోజుల్లోనే సాగుతుంది.

ఒకవేళ పిందె సాగుతూ సాగుతూ వంకర తిరిగి, ఒకచోట బంకలాంటి చుక్క కనిపిస్తే అది పండుఈగ పని. కోసి చూడండి, లోపల తెల్లటి పురుగులుంటాయి. పైన ఏ మందు కొట్టినా లోపలున్న పురుగుకి తగలదు. పిందె పట్టిన రెండో రోజే దానికి న్యూస్‌పేపరు గొట్టంలా చుట్టి, పైన దారంతో వదులుగా కట్టండి. రాలిన కాయల్ని కంపోస్టు గుంతలో వేయకండి, పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది. కవర్లో మూటకట్టి నాలుగు రోజులు ఎండలో పడేయండి.

ప్రశ్న (కొత్తపట్నం నుంచి): మా బోరు నీళ్లు ఉప్పన. కుండీల్లో చిక్కుడు ఆకుల అంచులు మాడుతున్నాయి. పొయ్యి బూడిద వేయమంటున్నారు.

జవాబు: బూడిద వద్దు, ఉన్న ఉప్పుకి అది తోడవుతుంది. రోజూ చెంబెడు పోస్తే నీరు ఆవిరై ఉప్పు కుండీలోనే మిగులుతుంది. అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా ఒకేసారి పోయండి, ఆకుల మీద పడనివ్వకండి. మట్టి పైన తెల్లటి పొర కడితే అరంగుళం గీకి పారేయండి. చిక్కుడు, బీన్స్ ఉప్పుని ఓర్చుకోలేవు, పాలకూర ఓర్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు బాగా పడతాయి కదా, చూరు కింద డ్రమ్ము పెట్టి పట్టుకోండి.

ప్రశ్న (నెల్లూరు నుంచి): పెరట్లో కాసిన సొరకాయ కొంచెం చేదుగా ఉంది. ఉప్పునీళ్లలో నానబెట్టి వండొచ్చా?

జవాబు: వండొద్దు. ఆ చేదు ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలు చేస్తుంది. సొర, బీర, దోస ఏదైనా సరే, తరిగే ముందు చిన్న ముక్క నాలుకకి తాకించి, చేదైతే ఉమ్మేసి కాయను పారేయండి.

ప్రశ్న (ఒంగోలు నుంచి): ఒకేసారి అరడజను బీరకాయలు దిగాయి. పప్పు కాకుండా ఏం చేయాలి?

జవాబు: కాయ కూరకి, తొక్క పచ్చడికి. ముందు గట్లను కత్తితో గీకేయండి, నార అక్కడే ఉంటుంది. తర్వాత చెక్కిన తొక్క రెండు కప్పులుంటే రెండు చెంచాల నూనెలో ఆరు పచ్చిమిరపకాయలు వేయించి, అందులోనే తొక్క వేసి పచ్చివాసన పోయి ముడుచుకునేదాకా మగ్గించండి. ఇక్కడ తొందరపడితే పచ్చడి పసరు కొడుతుంది. చల్లారాక నిమ్మకాయలో సగమంత చింతపండు, రెండు చెంచాల వేయించిన నువ్వులు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పుతో బరకగా రుబ్బండి. నీళ్లు పోయకండి.

ముక్కలకి ఎండురొయ్యలు జత. గుప్పెడు రొయ్యల్ని నూనె లేకుండా వేయించి, తల, తోక తుంచి, వేణ్నీళ్లలో రెండుసార్లు కడగండి, లేకపోతే ఇసుక పళ్లకి తగులుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక రొయ్యలు, ఆపైన బీరముక్కలు వేసి మూతపెట్టండి. బీర తన నీళ్లలో తానే ఉడుకుతుంది. రొయ్యల్లో ఉప్పుంటుంది కాబట్టి, రుచి చూశాకే దించేముందు ఉప్పు వేయండి.