మ్యూజియం హాల్లో యుద్ధ డాక్యుమెంటరీలు: పాఠకులు అడిగినవి, మేం చెప్పేవి

సైనిక చరిత్ర డాక్యుమెంటరీలను మ్యూజియం హాళ్లలో ఉచితంగా చూపించే విషయమై ఓరుగల్లు చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: టికెట్ లేదు, చందా లేదు. అలాంటప్పుడు యూట్యూబ్‌లో ఉన్న డాక్యుమెంటరీని మ్యూజియంలో వేస్తే తప్పేముంది? (హనుమకొండ)

డబ్బు తీసుకున్నారా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఊరివాళ్లను పిలిచి వేస్తే అది బహిరంగ ప్రదర్శనే, హక్కుదారు అనుమతి ఉండాల్సిందే. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థలకు ఒక మినహాయింపు ఉంది. చూసేవాళ్లు ఆ సంస్థ విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే అయితే సినిమా వేసుకోవచ్చు. గేటు తీసి అందరినీ రమ్మనే మ్యూజియానికి అది వర్తించదు. యూట్యూబ్ నిబంధనలు కూడా సొంతంగా చూసుకోవడానికే ఒప్పుకుంటాయి, పదిమందికీ తెర మీద వేయడానికి కాదు.

కాబట్టి ముందు ఉత్తరం రాయండి. చిత్రం పేరు, నిడివి, తేదీ, హాలు, కుర్చీల సంఖ్య, ప్రవేశం ఉచితమన్న మాట, ఎన్నిసార్లు వేస్తారు అన్నవి అందులో ఉండాలి. తెలుగు సబ్‌టైటిళ్లు చేర్చాలనుకుంటే దానికీ అదే ఉత్తరంలో అనుమతి అడగండి, అనువాదం కూడా హక్కుల కిందికే వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ తీసిన చిత్రాలైతే ఇప్పుడు ఎన్ఎఫ్‌డీసీని (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థను) అడగాలి, ఫిల్మ్స్ డివిజన్ దాంట్లోనే కలిసిపోయింది. నెల రోజుల ముందే రాయడం మంచిది.

పాత చిత్రాలకు ఒక వెసులుబాటు ఉంది. మన దేశంలో సినిమాపై హక్కు, విడుదలైన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1962లో విడుదలైన వార్తాచిత్రం మీద హక్కు 2022 డిసెంబర్ 31తో తీరిపోయింది. అయితే అవే దృశ్యాలతో ఈమధ్య తీసిన డాక్యుమెంటరీకి దాని హక్కు దానికి ఉంటుంది. ఈ రెంటినీ కలగాపులగం చేయడం దగ్గరే చాలామంది పొరపడతారు. ఇంకో మాట, డాక్యుమెంటరీ అయినా బహిరంగంగా వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. దాని కాపీ కూడా హక్కుదారునే అడిగి తెప్పించుకోండి.

ప్రశ్న: మా హాలు 40 అడుగుల పొడవు. 70 కుర్చీలు వేశాం. వెనకవాళ్లు అక్షరాలు కనబడలేదన్నారు, ముందువాళ్లు మెడలు నొప్పులన్నారు. (జనగామ)

కుర్చీలను హాలు పొడవును బట్టి వేశారు. తెర ఎత్తును బట్టి వేయాలి. 8 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు ఉన్న తెరకు చివరి వరుస ఆ ఎత్తుకు ఆరు రెట్లు, అంటే 27 అడుగులు దాటకూడదు. మొదటి వరుస రెండు రెట్లు, అంటే 9 అడుగుల అవతల ఉండాలి. మధ్యలో మూడేసి అడుగులకు ఒక వరుస వేస్తే ఏడు వరుసలు వస్తాయి. వరుసకు పది కుర్చీలు, మీ 70 మందీ సరిపోతారు. వెనక మిగిలిన చోటు ఖాళీగానే ఉండనివ్వండి.

తెర కింది అంచు నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. సబ్‌టైటిళ్లు వచ్చేది అడుగునే కాబట్టి అంతకన్నా దిగితే ముందువాళ్ల తలలు అడ్డొస్తాయి. ప్రొజెక్టర్ వెలుగు 3000 ల్యూమెన్లకు తగ్గకుండా చూసుకోండి, కిటికీలకు నల్లగుడ్డ కట్టండి. త్రో రేషియో (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే సంఖ్య) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌ను ఈ తెరకు 12 అడుగుల దూరంలో పెట్టాలి. అది కుర్చీల వరుసల్లోకే వస్తుంది, అందుకే పైకప్పుకు బిగించుకోవడం మేలు. బల్ల మీద పెట్టి మూతి పైకెత్తితే బొమ్మ పైన వెడల్పుగా, కింద ఇరుకుగా పడుతుంది. ప్రొజెక్టర్‌లో ఉండే కీస్టోన్ అనే సర్దుబాటుతో సరిచేయొచ్చు కానీ అక్షరాల పదును పోతుంది.

పాత వార్తాచిత్రాలు 4:3 కొలతలో ఉంటాయి. తెర నిండాలని సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. రెండు పక్కలా నలుపు మిగిలితే మిగలనివ్వండి.

ప్రశ్న: తెలుగు సబ్‌టైటిళ్లు ఒకసారి ప్రశ్నార్థకాలుగా, ఒకసారి ఇంగ్లిష్ పిచ్చిరాతలుగా, ఇంకోసారి వత్తులు విడిపోయి వచ్చాయి. (కాజీపేట)

మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు. నోట్‌ప్యాడ్‌లో ఏఎన్ఎస్ఐగా (తెలుగు అక్షరాలు పట్టని పాత పద్ధతిలో) సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది, యూటీఎఫ్-8గా సేవ్ చేయండి. ఇంగ్లిష్ రాతలు వచ్చాయంటే డీటీపీ సెంటర్‌లో అనూ ఫాంట్లలో (ఇంగ్లిష్ అక్షరాలకే తెలుగు బొమ్మ తొడిగే పాత రకం) కొట్టి ఉంటారు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక ఒక్కో పంక్తీ చదివి చూడాలి. పెన్‌డ్రైవ్ టీవీకి గుచ్చి వేసినప్పుడు వత్తులు విడిపోతే తప్పు టీవీది, చాలా టీవీలకు తెలుగు అక్షరాలు కూర్చడం రాదు. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో వేయండి, ఫాంటుగా నిర్మలా యూఐ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ ఎంచుకోండి. టీవీయే దిక్కయితే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో సబ్‌టైటిళ్లను బొమ్మలోనే శాశ్వతంగా ముద్రించుకోండి.

సబ్‌టైటిల్ ముందో వెనకో వస్తుంటే వీఎల్‌సీలో జీ, హెచ్ మీటలతో సరిచేయొచ్చు. శబ్దమే పెదవులతో కలవకపోతే బ్లూటూత్ స్పీకర్ తీసేసి వైరు పెట్టండి.

ప్రశ్న: 1971 యుద్ధం చిత్రం వేశాం. ఆఖర్న ఒక మాజీ సైనికుడు లేచి, ఇందులో సగం దృశ్యాలు ఆ యుద్ధానివి కావన్నారు. మేం ముందే పట్టుకోవడమెలా? (పరకాల)

ఆయన లేచి చెప్పడమే మీ ప్రదర్శనకు దక్కిన పెద్ద లాభం. తర్వాతిసారి ఆయన్నే ముందు కూర్చోబెట్టి చిత్రం చూపించండి.

డాక్యుమెంటరీ తీసేవాళ్లు దొరకని దృశ్యం స్థానంలో దొరికిన దృశ్యం అతికిస్తారు. ఆయుధాలను బట్టి దాన్ని పట్టుకోవచ్చు. 1971 అంటూ బోఫోర్స్ ఫిరంగి చూపిస్తే అది తప్పు, దాని కొనుగోలు ఒప్పందమే 1986లో జరిగింది. మిరాజ్ 2000 విమానం మన వైమానిక దళంలోకి వచ్చింది 1985లో. ఈ రెండూ 1999 కార్గిల్ యుద్ధంలో వాడినవి. విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ డెక్ ముందుభాగం పైకి వంగి కనిపించినా అనుమానించండి. 1971లో అది చదునుగా ఉండేది, సీ హాక్ విమానాలను కాటపల్ట్ అనే యంత్రంతో గాల్లోకి విసిరేవారు. ఆ వంపు 1980ల చివర్లో చేర్చారు.

రెండో పరీక్ష, కెమెరా ఎక్కడుందో చూడటం. సైనికులు కాల్పుల మధ్య ఎదురుగా పరుగెత్తుకొస్తుంటే, కెమెరా శత్రువు వైపు నిలబడి తీసినట్టేగా! అలాంటివి ఎక్కువగా తర్వాత చేయించి తీసినవే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1916లో బ్రిటన్‌లో విడుదలైన సోమ్ యుద్ధ చిత్రంలోనే, కందకంలోంచి ఎక్కి వెళ్లే ప్రసిద్ధ దృశ్యం నటింపజేసింది. అదే 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రంపై సంతకం చేసే దృశ్యం అసలైనది.

మన కోట మీద తీసినవాటికీ ఇదే చూపు కావాలి. ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ ఓరుగల్లును ముట్టడించిన 1309-10 కాలపు చిత్రంలో తుపాకిమందు ఫిరంగులు పేలుతుంటే నమ్మకండి. అప్పుడు వాడినవి రాళ్లు విసిరే మంజనీఖ్‌లు. ఆ రాళ్లు మట్టికోటకు తగిలి పిల్లల ఆట కాయల్లా వెనక్కి తుళ్లేవని ఆనాటి ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు.

తప్పు దొరికినంత మాత్రాన చిత్రం మానుకోవక్కర్లేదు. ఏ నిమిషం దగ్గర ఏది సరికాదో ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి తలుపు దగ్గర అందరికీ ఇవ్వండి.

ప్రశ్న: మధ్యలో కరెంటు పోతే? (మహబూబాబాద్)

ల్యాంపు ప్రొజెక్టర్‌కు యూపీఎస్ తప్పనిసరి. ఫ్యాను తిరగకుండా ఒక్కసారిగా ఆగితే వేడి లోపలే ఉండి ల్యాంపు దెబ్బతింటుంది. ఆగిపోతే చల్లారేదాకా మళ్లీ వేయొద్దు. ఎల్ఈడీ, లేజర్ రకాలకు అంత భయం లేదు.

ప్రశ్న: సెప్టెంబర్ 17కు హైదరాబాద్ సంస్థానంపై 1948లో జరిగిన పోలీసు చర్య గురించి చిత్రం వేద్దామనుకుంటున్నాం. గొడవ అవుతుందేమోనని భయం. (హుస్నాబాద్)

వేయండి. కాకపోతే చిత్రం ఎవరు తీశారో ముందు చెప్పండి. ఆనాటి వార్తాచిత్రంలో ప్రభుత్వం గొంతు వినబడుతుంది. సెప్టెంబర్ 13 నుంచి అయిదు రోజుల దండయాత్ర, 18న భారత సేనల జనరల్ చౌధురి ముందు నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగుబాటు, ఇవి ఉంటాయి. 1947 సెప్టెంబర్ 2 పరకాల కాల్పులు, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు దగ్గర జరిగిన రజాకార్ల ఊచకోత, 1951 దాకా సాగిన సాయుధ పోరాటం అలాంటి చిత్రాల్లో వెతికినా దొరకవు. అందుకే 20 నిమిషాల చిత్రం తర్వాత కనీసం 40 నిమిషాలు మాటలకు ఉంచండి. విమోచనమా, విలీనమా అన్న వాదన మొదలయ్యేలోపు, ఆ రోజులు చూసిన కుటుంబాలవాళ్లను ముందు మాట్లాడనివ్వండి. వాళ్లు ఒప్పుకుంటే రికార్డు చేసి, పేరు, ఊరు, తేదీ రాసి మ్యూజియంలో భద్రపరచండి.