ఏమీ అనిపించడం లేదన్నావు కదా, దాని గురించే ఈ ఉత్తరం

అమ్మలూ,

మెడికల్ పీజీ డ్యూటీల మధ్య మొన్న గృహప్రవేశానికి వచ్చినప్పుడు విస్తరి ముందు కూర్చుని కునికిపాట్లు పడ్డావు, అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత మేడ మీద నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "రాత్రి డ్యూటీలో ఇద్దరు పోయారు అత్తయ్యా, డెత్ సమ్మరీలు రాసేసి వెళ్లి టీ తాగాను, నాకేమీ అనిపించలేదు, నేను చెడ్డదాన్ని అయిపోతున్నానా" అన్నావు. ఇంతలో మీ అమ్మ మెట్లెక్కి వచ్చేసరికి ఆ మాట అక్కడే ఆగిపోయింది. అందుకే రాస్తున్నాను. డ్యూటీ మధ్యలో చదవకు, కడుపునిండా తిని పడుకుని లేచాక చదువు.

నువ్వు చెడ్డదానివి కాలేదు. నీకు వచ్చింది బర్నౌట్‌కి, అంటే పని ఒత్తిడితో మనసు అలసి ఖాళీ అయిపోవడానికి, ఒక లక్షణం. జ్వరం ఎలాగో ఇదీ అలాగే. క్రిస్టీనా మాస్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1981లోనే దీన్ని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేసింది. ఆమె చూడమన్నవి మూడు: మనసు అడుగంటిపోయేంత అలసట, ఎదుట ఉన్న మనిషి మనిషిలా కాక బెడ్ నంబరులా కనబడటం, నేనెంత చేసినా ప్రయోజనం లేదనిపించడం. నువ్వు మేడ మీద చెప్పింది రెండోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్నౌట్‌ని జబ్బుల్లో చేర్చలేదు, పనిచేసే చోట ఒత్తిడి ఎడతెగకుండా సాగి దాన్ని ఎవరూ సరిదిద్దకపోతే వచ్చే పరిస్థితి అని రాసింది. ఈ వాక్యం నువ్వు గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే లోపం నీలో ఉందని నమ్మితే ఇంకా ఎక్కువ పని చేసి సరిదిద్దుకోవాలని చూస్తావు, నేను అదే చేశాను.

నేను పిల్లల వార్డులో డాక్టర్‌గా చేరిన ఎనిమిదో ఏడు అది. వానాకాలం, వాంతులు విరేచనాల కేసులు, ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు. ఒకరోజు ఇంటికొస్తే మా వాడికి జ్వరం. నుదుటి మీద చెయ్యైనా వెయ్యకుండా "ఎన్ని రోజుల నుంచి?" అని ఓపీలో అడిగినట్టు అడిగాను. వాడికి ఆరేళ్లు. "అమ్మా, నేనమ్మా" అన్నాడు. ఆ మాట విన్నా నాకు ఏడుపు రాలేదు, దానికి భయమేసింది. అప్పుడు నేను పనిచేసే చోట పెద్దాయనకి చెబితే "మేమంతా చెయ్యలేదా" అన్నారు. ఆ మాటతో సిగ్గుపడి ఏడాదికి పైగా నోరు మూసుకున్నాను. చివరికి సైకియాట్రీలో ఉన్న ఒక స్నేహితురాలి దగ్గరికి వెళ్లాను, కొన్ని నెలలు మందులు కూడా వాడాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా అదే పిల్లల మధ్య పనిచేశాను. ఈ సంగతి మన ఇంట్లో మీ మావయ్యకి తప్ప ఎవరికీ తెలియదు. నీకు చెబుతున్నది నువ్వు ఆ ఏడాది వృథా చెయ్యకూడదని.

ఇప్పుడు చెయ్యాల్సినవి. అన్నిటికంటే ముందు నిద్ర, మిగతావన్నీ దాని తర్వాతే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పరిశోధకులు 2000లో చూపించారు, పదిహేడు నుంచి పందొమ్మిది గంటలు నిద్రలేని మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందట. మన దేశంలో బండి నడిపేవాళ్లకి చట్టం పెట్టిన హద్దు 0.03. కొత్త రోగుల్ని చేర్చుకునే నీ అడ్మిషన్ డే డ్యూటీ ముప్పై గంటలు దాటుతుందని నువ్వే చెప్పావు. అలాంటి డ్యూటీ దిగి స్కూటీ ఎక్కొద్దు, ఆటోలో వెళ్లు. ఈ ఒక్క మాట మాత్రం బతిమాలి చెబుతున్నాను. రాత్రి మీ కో-పీజీతో వంతు పెట్టుకో, నువ్వు రెండు గంటలు, తను రెండు గంటలు, రోగి పరిస్థితి ఒక్కసారిగా దిగజారితేనే లేపేట్టు. అలా కుదరని రాత్రి ఇరవై నిమిషాలైనా నడుం వాల్చు. తెల్లవారుజామున మందుల డోసు రాసేటప్పుడు సిస్టర్‌ని పైకి ఒకసారి చదవమను, అందులో చిన్నతనం ఏమీ లేదు. బిస్కెట్లూ టీతో రాత్రంతా గడపకుండా డబ్బాలో పెరుగన్నం తీసుకెళ్లు.

చావు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నీకేమీ అనిపించకపోవడానికి కారణం అనిపించే తీరికే లేకపోవడం. ఒకరు పోగానే పక్క మంచం మీద ఇంకొకరి రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంటుంది, నువ్వు పరిగెత్తాలి, అది తప్పదు. కానీ ఆ రాత్రి అయ్యేలోపు రెండు నిమిషాలు తీసుకో. ఆ మనిషి పేరు, ఊరు, పక్కన ఎవరున్నారు అన్నది మనసులో ఒకసారి తలుచుకో. సీపీఆర్ చేసిన హౌస్ సర్జన్ ఉంటుంది చూడు, ఆ పిల్లకి బహుశా అదే మొదటి చావు, "నీకెలా ఉంది" అని అడుగు. ఆ పిల్లని అడిగినప్పుడు నీ లోపలిది కూడా కదులుతుంది, నాకు చాలాసార్లు అలాగే జరిగింది. ఇంటివాళ్లకి చెప్పేటప్పుడు తలుపు దగ్గర నిలబడి చెప్పకు, కూర్చుని చెప్పు. పరిస్థితి బాగోలేదని సాయంత్రమే చెప్పి ఉంచితే రాత్రి గొడవలు చాలావరకు తగ్గుతాయి.

ఏదైనా పొరపాటు జరిగితే, జరుగుతుంది, దాన్ని ఒంటరిగా మొయ్యకు. ఆల్బర్ట్ వూ అనే డాక్టర్ 2000లో అలాంటి డాక్టర్‌కి 'రెండో బాధితుడు' అని పేరు పెట్టాడు. మొదటి బాధితుడు రోగే, అది మర్చిపోకూడదు, నిజం చెప్పాలి, సరిచెయ్యాలి. ఆ తర్వాత నమ్మకమున్న ఒక సీనియర్‌తో మొదటినుంచి చివరిదాకా చెప్పుకో. అలాంటి సీనియర్ ఎవరో ఇప్పుడే చూసి పెట్టుకో.

ఇక రోస్టర్, అంటే మీ డ్యూటీల పట్టిక. యోగా, పాటలు, ధ్యానం అన్నీ మంచివే గానీ నిద్రే లేని మనిషికి అవి చిల్లుకుండలో నీళ్లే. వైద్య విద్యని చూసే నేషనల్ మెడికల్ కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో సహేతుకమైన పనిగంటలు, రోజూ విశ్రాంతికి సమయం, వారానికో సెలవు, ఏడాదికి ఇరవై క్యాజువల్ లీవులు ఉన్నాయి. 2024లో ఆ కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దని, ఇరవై నాలుగు గంటల డ్యూటీ వారంలో ఒక్కటే ఉండాలని సిఫారసు చేసింది. సిఫారసే, నిబంధన కాదు, అయినా అడగడానికి ఆధారం. ఒక్కదానివే వెళ్లొద్దు, నీ బ్యాచ్ అంతా కలిసి నెల రోజుల డ్యూటీ గంటలు కాగితం మీద రాసి, మార్చగలిగిన రోస్టర్ కూడా మీరే వేసి తీసుకెళ్లండి. అడగందే అమ్మైనా పెట్టదు. కొందరు తిడతారు. రోస్టర్లు వేసే బల్ల అవతల కూర్చున్న రోజుల్లో నేను నేర్చుకున్నదేంటంటే, రోస్టర్ చేతిలో పెట్టి అడిగినవాళ్లని కాదనడం చాలా కష్టం.

వార్డులో దొరుకుతోంది కదా అని ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలం లాంటి మాత్రలు సొంతంగా మింగొద్దు. సెలవు రోజు కూడా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం రెండు వారాలు సాగితే సైకియాట్రిస్ట్‌ని కలువు. మీ ఆసుపత్రిలో మొహమాటమైతే బయట కలువు. నీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పొద్దున్న ఇక ప్రాణంతో లేవకపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మాత్రం రెండు వారాలు ఆగేది లేదు, ఆ క్షణమే నాకు ఫోన్ చెయ్యి, రాత్రి రెండైనా సరే. నేను ఎత్తకపోతే 14416, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మీ డ్యూటీ రూమ్ తలుపు లోపలివైపు అంటించు, మిగతావాళ్లకీ కావాలి.

బుధవారం మీ అడ్మిషన్ డే అని గుర్తుంది. గురువారం మధ్యాహ్నం బస్సుకి నేను వస్తున్నాను, తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్లు. వంట చేసి ఉంచుతాను, తిని పడుకో. నన్ను చూసి కబుర్లు చెప్పాలని కూర్చోకు, నువ్వు లేచేదాకా నేను ఉంటాను.

మీ అత్తయ్య